స్లో కుక్కతో టైమ్ పోటీకి వెళ్లాలా, మానాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బంటి లాబ్రడార్ క్రాస్, ఆరేళ్లు. రెండేళ్ల నుంచి అజిలిటీ, అంటే జంపులు, టన్నెల్స్ లాంటి అడ్డంకులని వరసగా టైములో దాటించే కుక్కల ఆట, నేర్పిస్తున్నా. జంప్ మీది బార్ పడేయడు, కాంటాక్ట్ (ఎక్కి దిగే పలక చివర రంగు జోన్‌ని తొక్కడం) మిస్ చెయ్యడు, వరస తప్పి రాంగ్ కోర్స్ పోడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఒక్కటే బాధ, స్లో. ఇప్పటికి నాలుగు పోటీలకి వెళ్లాం, నాలుగింట్లోనూ తప్పు ఒక్కటి లేదు కానీ నాలుగింట్లోనూ టైమ్ దాటిపోయింది. మొన్న చివరిదాంట్లో కోర్స్ 164 మీటర్లు, ఇచ్చిన టైమ్ 41 సెకన్లు, మాకు పట్టింది 46.5. నేను కోర్సంతా హర్రీ హర్రీ, తొందరగా రా అని అరుస్తూనే ఉన్నా, అరిచేకొద్దీ ఇంకా మెల్లగా వచ్చాడు. బయటికి రాగానే ఒకాయన "మీకు ఈ ఆట కావాలంటే ఒక బోర్డర్ కోలీని తెచ్చుకోండి, వీణ్ణి ఇంట్లో ముద్దు చేసుకోండి" అన్నారు. ఇంటి దగ్గరైతే వీడు ఇంత స్లో కాదండి, అదే నాకు అర్థం కానిది. ఇక మానెయ్యమంటారా?

జవాబు: మానొద్దండి. ఆ పెద్దమనిషి సలహాని అక్కడే వదిలేసి రండి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే మీరు నంబర్లు రాశారు. చాలామంది "మా కుక్క చాలా స్లో" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, ఎంత స్లో, దేంతో పోలిస్తే స్లో, కోర్సులో ఎక్కడ స్లో, ఏదీ చెప్పరు. మీ లెక్క చూద్దాం. 164 మీటర్లకి 41 సెకన్లు ఇచ్చారంటే జడ్జి అడిగింది సెకనుకి 4 మీటర్ల స్పీడ్. మీ బంటి వచ్చింది సెకనుకి 3.5 మీటర్లకి కాస్త పైన. తేడా అర మీటరు కూడా లేదు. 5.5 సెకన్లు అంటే వినడానికి పెద్దగా ఉంది కానీ అందులో ఎంత బంటి కాళ్లది, ఎంత మీది అని విడదీస్తే మీరే ఆశ్చర్యపోతారు.

ముందు ఈ టైమ్ సంగతి ఒకసారి, ఎందుకంటే చాలామంది దీన్ని రన్నింగ్ రేస్ అనుకుంటారు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో, మెయిన్ ఈవెంట్ల మధ్య ఖాళీలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాల షో జంపింగ్‌ని చూసి ఈ ఆట తయారుచేశారు. జాన్ వార్లీ అనే కమిటీ మెంబరు, పీటర్ మీన్‌వెల్ అనే ట్రైనరు కలిసి చేసిన పని అది. గుర్రాల ఆట నుంచి వచ్చింది కాబట్టి లెక్క కూడా అలాగే ఉంటుంది, తప్పుల్లేకుండా రావడం ముందు, టైమ్ తర్వాత. జడ్జి కోర్సు పొడవు కొలిచి, తను అనుకున్న స్పీడుతో భాగించి ఒక స్టాండర్డ్ కోర్స్ టైమ్ పెడతారు. ఆ లోపల వస్తే మీకు టైమ్ తరఫున తప్పేమీ లేదు. దాటితే టైమ్ ఫాల్ట్స్. ఫస్ట్ ప్లేస్ కావాలనుకునేవాళ్లకి ప్రతి వందో వంతు సెకనూ కావాలి, నిజమే. మీకు కావాల్సింది 40.99, అంతే. మీ పక్క రింగులో ఎవరి బోర్డర్ కోలీ 28 సెకన్లలో వచ్చినా మీకు దాంతో పోటీ లేదు.

ఇంకో మాట చెప్తాను, నవ్వకండి. ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ కుక్కల సంస్థ రూల్స్‌లో కోర్స్ టైమ్ దాటిన ప్రతి సెకనుకి ఒక ఫాల్ట్, వందో వంతుల దాకా లెక్కేస్తారు, అంటే మీకు 5.50 ఫాల్ట్స్. ఒక బార్ పడితే 5 ఫాల్ట్స్. ఆ రూల్స్ ప్రకారం 6 కంటే తక్కువ ఫాల్ట్స్ వస్తే గ్రేడింగ్ ఎక్సలెంట్. మీరు ఏడుస్తూ బయటికొచ్చిన రన్నుకి ఆ పుస్తకంలో పేరు ఎక్సలెంట్ అండి! పైగా అక్కడ ర్యాంకు మొత్తం ఫాల్ట్స్‌ని బట్టి ఇస్తారు కాబట్టి మీరు ఇంకో 0.51 సెకన్లు తగ్గించి ఉంటే 4.99 అయ్యేది, ఒక బార్ పడేసిన ఎంత ఫాస్ట్ కుక్కైనా మీ వెనకే ఉండేది. రాంగ్ కోర్స్ పోయి ఎలిమినేట్ అయిన కుక్కల సంగతి సరేసరి, వాటికి స్పీడ్ ఉండి ఏం లాభం. కాకపోతే అన్ని సంస్థల్లో ఇలా ఉండదు, అమెరికన్ కెన్నెల్ క్లబ్ అంటే ఏకేసీలో కింది లెవెల్లో కొన్ని సెకన్లు దాటినా మార్కులు తగ్గించి క్వాలిఫై చేస్తారు కానీ పైన మాస్టర్స్ లెవెల్‌కి వచ్చేసరికి దాటితే దాటినట్టే, క్వాలిఫై కారు. అందుకే మీరు ఆడేది ఎవరి రూల్స్ కింద అన్నది ముందు చదువుకోండి. రూల్ బుక్ చదవకుండా ఎంట్రీ ఫామ్ నింపేవాళ్లే సగం మంది.

ఇప్పుడు అసలు విషయం. మీ 5.5 సెకన్లు ఎక్కడ పోతున్నాయి? ఎవరినైనా వీడియో తియ్యమనండి, రింగు మొత్తం కనిపించేలా, జూమ్ చెయ్యకుండా. ఇంటికొచ్చి ఆ వీడియోని ముక్కలు ముక్కలుగా చూడండి, స్టార్ట్ నుంచి మూడో జంప్ దాకా ఎంత, వీవ్ పోల్స్‌లో, అంటే వరసగా నిలబెట్టిన కర్రల మధ్య మెలికలు తిరిగే చోట ఎంత, ఒక్కో కాంటాక్ట్ మీద ఎంత, టన్నెల్ తర్వాత టర్న్‌లో ఎంత. నేను పందెం కాస్తా, మీ బంటి ఖాళీ నేల మీద పరిగెత్తే చోట స్లో కాదు. మీరు ఏమీ చెప్పకుండా ఆలస్యం చేసిన చోట, ఆగమన్న చోట, అనుమానం వచ్చిన చోట స్లో.

కాంటాక్టుల దగ్గర మొదలుపెట్టండి. ఏ-ఫ్రేమ్ (రెండు వైపులా వాలు పలకలు), డాగ్‌వాక్ (ఎత్తు మీద సన్నటి పలక), సీ-సా (ఊగే పలక), మూడింటి చివరా మీరు టూ-ఆన్ టూ-ఆఫ్ నేర్పే ఉంటారు, అంటే ముందు కాళ్లు నేల మీద, వెనక కాళ్లు పలక మీద పెట్టి ఆగడం. ఆ ఆగడం ఎగిరి దూకే కుక్కల కోసమండి. రంగు వేసిన జోన్‌ని తొక్కకుండా గాల్లోంచి వెళ్లిపోయే కుక్కకి అది కళ్లెం. మీ వాడు బుద్ధిగా దిగుతాడు, వాణ్ణి ఆపి, ఒకటి రెండు అని మనసులో లెక్కపెట్టి వదిలితే ఒక్కోచోట సెకనున్నర పోయినా మూడు చోట్ల కలిపి 4.5 సెకన్లు అక్కడే పోయాయి. మీకు కావాల్సిన 5.5లో 4.5! సీ-సా దగ్గర పలక నేలకి తగిలేదాకా తప్పదు, మిగతా రెండింటి దగ్గర కాలు నేలకి తగిలీ తగలగానే వదిలేయండి, లేదా అసలు ఆగకుండా చివరి దాకా నేరుగా పరిగెత్తి దిగడం నేర్పించండి. రన్నింగ్ కాంటాక్ట్ కష్టం అంటారు, ఫాస్ట్ కుక్కకి కష్టమే, అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు కాబట్టి. చిన్న అడుగులు వేసే కుక్కకి జోన్‌లో ఎలాగూ ఒక కాలు పడుతుంది.

వీవ్ పోల్స్ రెండోది. 12 పోల్స్‌ని బాగా ఫాస్ట్ కుక్కలు రెండు, రెండున్నర సెకన్లలో దాటేస్తాయి. మీ బంటికి ఐదో ఆరో పడుతూ ఉండొచ్చు, అక్కడ అతను రెండున్నరకి రానక్కర్లేదు, ఒక్క సెకను తగ్గినా చాలు. చాలామంది స్లో కుక్కల వాళ్లు చేసే తప్పేంటంటే పక్కనే వంగి నిలబడి, చేత్తో అటూ ఇటూ ఊపుతూ, ఒక్కో పోల్‌కి ఒక్కో మాట చెప్తూ కుక్కతో పాటు నడుస్తారు. కుక్కకి అర్థమయ్యేది ఏంటి, "ఇది చాలా ప్రమాదకరమైన చోటు, మా అమ్మ కూడా మెల్లగా వస్తోంది, నేనూ మెల్లగానే పోవాలి" అని. 6 పోల్స్ పెట్టి, బొమ్మని చివరి పోల్ దాటాక రెండు మూడు మీటర్ల ముందు పడేలా వెయ్యండి, మీ చేతికి వచ్చి తీసుకునే ట్రీట్ వద్దు. బహుమతి మీ దగ్గర ఉంటే కుక్క మీ వైపు చూస్తుంది, ముందు ఉంటే ముందుకి చూస్తుంది. ఈ ఒక్క మార్పు జంపులకీ, టన్నెల్‌కీ, అన్నిటికీ వర్తిస్తుంది, వెనక్కి తిరిగి మీ మొహం చూసే అలవాటే సగం స్లోకి కారణం.

దారి సంగతి మూడోది. జడ్జి చక్రం తిప్పి కొలిచిన 164 మీటర్లు కుక్క పోవాల్సిన సరైన దారి. మీ బంటి నిజంగా ఎన్ని మీటర్లు పరిగెత్తాడో ఎవరికి తెలుసు? ఒక్కో టర్న్‌కి మీటరున్నర బయటికి పోతే, అలాంటి టర్నులు ఆరు ఉంటే 9 మీటర్లు ఎక్కువ, మీ స్పీడులో అది రెండున్నర సెకన్లు. ఇక్కడ నిజంగా స్లో కుక్కదే పైచెయ్యి, ఎందుకంటే ఫాస్ట్ కుక్కకి బ్రేక్ వేసి టైట్‌గా తిప్పడం హ్యాండ్లర్‌కి చావొస్తుంది, మీ వాడు చెప్తే తిరుగుతాడు. కానీ చెప్పడం టైముకి చెప్పాలి. కుక్క గాల్లోకి లేచాక "ఇటు" అంటే అది నేల మీద దిగి, ఆలోచించి, అప్పుడు తిరుగుతుంది. లేవకముందే మీ భుజం, మీ కాళ్లు ఎటో చెప్పేసి ఉండాలి. కోర్స్ వాక్ అప్పుడు, అంటే రన్నుకి ముందు కుక్క లేకుండా కోర్సు నడిచి చూసుకునేటప్పుడు, మీరు నడిచే దారి కాదు, కుక్క నడిచే దారి చూసుకోండి, వీలైతే మోకాలి ఎత్తుకి వంగి ఆ జంప్ నుంచి తర్వాత ఏం కనిపిస్తోందో చూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి.

స్టార్ట్ లైన్ దగ్గర ఊరికే వచ్చే సెకను ఒకటి ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న చోట క్లాక్ మీరు వదిలినప్పుడు మొదలవదు, కుక్క లైన్ దాటినప్పుడు మొదలవుతుంది. మొదటి జంప్‌కి ఆనించి కూర్చోబెడితే కుక్క లేవడం, కదలడం, స్పీడ్ అందుకోవడం అన్నీ క్లాక్ మీద పడతాయి. చోటు ఉన్నంత మేర వెనక కూర్చోబెట్టండి, లైన్ దాటేసరికే పరుగులో ఉండాలి. ఇంకా, మీరు ముందుకెళ్లి నిలబడి వెనక్కి తిరిగి చెయ్యి ఊపి పిలవకండి, కదులుతూ వదలండి. బంటి లాంటి కుక్కకి కూర్చుని ఎదురుచూడటమే చల్లార్చేస్తుంది, అలా అనిపిస్తే స్టే మానేసి ఇద్దరూ కలిసి పరుగుతోనే లోపలికి పోండి. ఫినిష్ దగ్గర కూడా అంతే, చివరి జంప్ చూపించి మీరు ఆగిపోతారు, మీరు ఆగారని కుక్క ఆగుతుంది, క్లాక్ మాత్రం ఆగదు. లైన్ దాటాక కూడా పరిగెత్తుతూనే ఉండండి.

హర్రీ హర్రీ అన్నారు చూశారా, నిజం చెప్పాలంటే ఆ మాట బంటికి తిట్టులాగా మారిపోయింది. మీరు టెన్షన్‌లో ఉన్నప్పుడే అది వినిపిస్తుంది, మీ గొంతు సన్నగా మారినప్పుడే వినిపిస్తుంది. కుక్కలు ఒత్తిడిలో రెండు రకాలుగా పోతాయి, కొన్ని పిచ్చెక్కినట్టు పరిగెడతాయి, కొన్ని మెల్లబడతాయి, నేల వాసన చూస్తాయి, ఆవలిస్తాయి, గీరుకుంటాయి. మన కంటికి రెండో రకం బద్ధకం లాగా, పొగరు లాగా కనిపిస్తుంది. నా దగ్గర ఒక బీగిల్ ఉండేది, ఇంట్లో బాణం, రింగులోకి పోతే ఏడో జంప్ దగ్గర ముక్కు నేలకి పెట్టేది, సీజన్ మొత్తం నేను దాన్ని "దీనికి వాసనలే ముఖ్యం" అని తిట్టుకున్నా. తర్వాత వీడియో చూస్తే ప్రతిసారీ ముక్కు నేలకి పెట్టే ముందు నేను చెయ్యి గట్టిగా విదిలించి అరుస్తున్నా. వాసన కుక్కది, కారణం నాది. ఇంట్లో స్పీడు, రింగులో స్లో అంటే నూటికి తొంభై పాళ్లు ఇదే అని నా అనుభవం.

దీనికి మందు ఏంటంటే ప్రాక్టీసులో పొడవాటి కోర్సులు తగ్గించడం. మూడు నుంచి ఐదు ఆబ్‌స్టకల్స్, అంతే, బ్రహ్మాండంగా ఆట, ఆపెయ్యడం, ఇంకోసారి చేద్దామా అని కుక్క అడుగుతున్నప్పుడే ఆపెయ్యడం. తప్పు చేస్తే మళ్లీ మళ్లీ చేయించకండి, మెత్తటి కుక్క మూడోసారి చేయించేసరికి "నేను ఏదో తప్పు చేస్తున్నా" అనుకుని జాగ్రత్తపడుతుంది, జాగ్రత్తపడిన కుక్క స్లో అవుతుంది, తప్పు లేకుండా రెండేళ్లు నేర్పిన మీలాంటి వాళ్లకే ఈ సమస్య ఎక్కువ వస్తుంది. రింగులో కొన్నాళ్లు పోటీ కోసం కాకుండా ట్రైనింగ్ రన్నుగా వెళ్లే వీలు చాలా సంస్థల్లో ఉంది, ముందే చెప్పి లోపల బొమ్మతో ఆడుకోవచ్చు, మార్కులు ఉండవు. నాలుగు ఎంట్రీల్లో రెండు అలా వాడుకోండి. మరి ఎంట్రీ ఫీజు దండగ కదా అంటారు, నాలుగు సార్లు ఏడుస్తూ బయటికొచ్చింది దండగ కాదా మరి.

మీరు మీ కుక్క కోసం ఆగుతున్నారా అన్నది కూడా వీడియోలో చూడండి. స్లో కుక్కల హ్యాండ్లర్లు తెలీకుండానే కుక్క స్పీడుకి దిగిపోతారు, పక్కపక్కనే జాగింగ్ చేస్తారు. కుక్క మన కదలికని చూసి తన స్పీడు నిర్ణయించుకుంటుంది, మనం జాగింగ్ అయితే అదీ జాగింగే. నిజానికి మీకున్న అదృష్టం ఏంటంటే మీరు వాడికంటే ముందు ఉండగలరు. ఫ్రంట్ క్రాస్, అంటే కుక్క ముందు నుంచి అడ్డంగా దాటి అవతలి వైపుకి మారడం, ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోగలరు, బోర్డర్ కోలీ వాళ్లు ఆ చోటికి చేరడానికి చచ్చిపోతుంటారు. ముందు ఉండి, వెనక్కి చూసి బతిమాలకుండా, ముందుకి పరిగెత్తండి, వాడు తరుముకుంటూ వస్తాడు.

ఇదంతా చేసే ముందు ఒక్క పని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మామూలు చెకప్ కాదు, ఇలా అజిలిటీ చేస్తున్నాడు, స్లో అవుతున్నాడు, తుంటి, మోచేతులు, వీపు చూడండి అని చెప్పి చూపించండి. లాబ్రడార్లలో తుంటి, మోచేతి కీళ్ల సమస్యలు తెలిసినవే. బరువు కూడా తూచండి, మీరు రాయలేదు కానీ చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి, తెలియకపోతే ఏ ట్రైనింగ్ కన్నా ముందు అదే తగ్గించాలి. గోళ్లు పెరిగి ఉంటే కూడా టర్నుల్లో జంకుతారు. నొప్పి ఉన్న కుక్కని ఉత్సాహపరచడం కంటే పెద్ద పాపం లేదు.

ఇక క్లాసుల ఎంపిక. జంపింగ్ క్లాసులో కాంటాక్టులు ఉండవు కాబట్టి జడ్జి ఎక్కువ స్పీడ్ అడుగుతారు, కాంటాక్టులున్న అజిలిటీ క్లాసులో తక్కువ అడుగుతారు. మీకు కాంటాక్టుల మీద సెకన్లు మిగిల్తే రెండోదే లాభం. ఏకేసీలో ప్రిఫర్డ్ అని ఒక విభాగం ఉంది, జంపులు 4 అంగుళాలు తక్కువ ఎత్తు, టైమ్ 5 సెకన్లు ఎక్కువ, ఏ కుక్కనైనా అందులో చేర్చొచ్చు, ముసలిదో కుంటిదో అయి ఉండాలని రూలేం లేదు. గ్యాంబ్లర్స్, స్నూకర్ లాంటి గేమ్స్ ఉన్న చోట అవి వదలకండి, అక్కడ ఇచ్చిన టైములో ఎన్ని పాయింట్లు ఏరుకున్నారన్నదే లెక్క, దారి మీరే వేసుకుంటారు, మీ కుక్క ఎంత దూరం పోగలదో సరిగ్గా తెలిసిన మనిషికి అది వరం. ఫాస్ట్ కుక్కల వాళ్లు అత్యాశకి పోయి విజిల్ టైముకి ఎక్కడో ఉంటారు.

మొత్తం మీద మీకు నా లెక్క: కాంటాక్టుల్లో మూడు సెకన్లు, స్టార్టు ఫినిష్ కలిపి ఒకటి, వీవ్స్‌లో ఒకటి, టర్నుల్లో ఒకటి. ఆరు అయ్యాయి. మీకు కావాల్సింది ఐదున్నర. బంటి కాళ్లని నేను ఇంకా ముట్టుకోనే లేదు.

ప్రశ్న: అక్కా, ఏకేసీలో స్పీడ్ పాయింట్లు అంటారు కదా, స్లో కుక్కకి పెద్ద టైటిల్ అసలు వస్తుందా, లేక మాకు సర్టిఫికెట్లతోనే సరా? మాది కోర్స్ టైమ్ కంటే రెండు సెకన్లు, మూడు సెకన్లు ముందు వస్తుంది అంతే.

జవాబు: వస్తుంది, ఓపికుంటే. ఏకేసీలో మాక్ అనే ఛాంపియన్ టైటిల్ లెక్క చెప్తా. 750 స్పీడ్ పాయింట్లు కావాలి, 20 డబుల్ క్యూలు కావాలి. డబుల్ క్యూ అంటే ఒకే రోజు కాంటాక్టులున్న స్టాండర్డ్ క్లాసు, జంపర్స్ క్లాసు రెండూ తప్పు లేకుండా పాసవ్వడం. పాయింట్లేమో కోర్స్ టైమ్ కంటే ముందు వచ్చిన ఒక్కో పూర్తి సెకనుకి ఒకటి, ఫస్ట్ వస్తే దానికి రెట్టింపు. మీకు రన్నుకి 2 పాయింట్లే అనుకుంటే 375 క్లీన్ రన్నులు, 3 అనుకుంటే 250. గుండె ఆగింది కదా. కానీ గమనించండి, 20 డబుల్ క్యూలు స్లో కుక్కకి ముందే వచ్చేస్తాయి, పాయింట్ల కోసం ఏళ్లు పడుతుంది, ఫాస్ట్ కుక్కకి తలకిందులు, పాయింట్లు గుట్టగా ఉంటాయి, రెండు క్లాసులూ ఒకే రోజు క్లీన్‌గా రావు. ఎవరి ఏడుపు వాళ్లది. మూడు సెకన్లని ఐదు చేసుకుంటే 150 రన్నులకి దిగుతుంది, అందుకే పైన బంటి వాళ్లమ్మకి చెప్పిన స్టార్ట్ లైను, కాంటాక్టులు మీరు కూడా చదవండి.

ప్రశ్న: సార్/మేడమ్, మాది తొమ్మిదేళ్ల షెల్టీ. ఒకప్పుడు చాలా ఫాస్ట్, పోయిన ఆరు నెలల్లో బాగా స్లో అయింది, టన్నెల్ ముందు ఆగుతోంది, జంప్ ముందు ఒక చిన్న అడుగు ఎక్స్‌ట్రా వేస్తోంది. వయసు అని సరిపెట్టుకోవాలా? ట్రైనింగ్ పెంచాలా?

జవాబు: ట్రైనింగ్ పెంచొద్దు. ఎప్పుడూ స్లోగా ఉన్న కుక్క వేరు, స్లో అయిన కుక్క వేరు. ఆరు నెలల్లో మార్పు వచ్చిందంటే వయసు అని వదిలెయ్యడం తప్పు, ఏదో ఉంది. జంప్ ముందు ఎక్స్‌ట్రా అడుగు అంటే దూరం సరిగ్గా అంచనా వెయ్యలేకపోవడం కావచ్చు, అంటే కళ్లు, లేదా వెనక కాళ్లతో తోయడానికి జంకడం కావచ్చు, అంటే నొప్పి. టన్నెల్ ముందు ఆగడం వెలుగులోంచి చీకట్లోకి పోయేటప్పుడు సరిగ్గా కనపడకపోవడం అయ్యుండొచ్చు. కీళ్లు, కండరాలు, కళ్లు మూడూ చూపించండి, చూపించేదాకా జంపులు ఆపండి. పైగా రింగులో ఆబ్‌స్టకల్ ముందు ఆగితే టైమ్ ఒక్కటే కాదు, జడ్జి రిఫ్యూజల్, అంటే దాటనని మొరాయించిన తప్పు, కూడా ఇస్తారు, ఎఫ్‌సీఐలో మూడు రిఫ్యూజల్స్ అయితే ఎలిమినేషన్.

డాక్టరు ఫర్వాలేదు అంటే అప్పుడు ఎత్తు తగ్గించి ఆడించే విభాగంలోకి మారండి, వార్మప్ సమయం రెట్టింపు చెయ్యండి, రోజుకి ఒక్క రన్నే ఎంట్రీ ఇవ్వండి. రన్ అయ్యాక వెంటనే పెట్టెలో కూర్చోబెట్టకుండా పది నిమిషాలు నడిపించండి.

ప్రశ్న: మా డాక్స్‌హండ్ కాళ్లు ఇంతే ఉంటాయి కదండీ, పెద్ద కుక్కలకిచ్చిన టైమే మాకూ ఇస్తే ఎలా న్యాయం?

జవాబు: అదే టైమ్ ఇవ్వాలని లేదు. సైజు విభాగాలు ఉన్నాయి కదా, ఎఫ్‌సీఐలో 35 సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవి స్మాల్, అక్కడ నుంచి మీడియం, ఇంటర్మీడియట్, లార్జ్. మీరు పోటీ పడేది మీ సైజు వాటితోనే. ఏకేసీలో కూడా కింది ఎత్తుల వాళ్లకి టైమ్ ఎక్కువ ఉంటుంది. కాబట్టి న్యాయం గురించి బెంగపడకండి.

నా బెంగ వేరే. డాక్స్‌హండ్ వీపు పొడుగు, వెన్నులో డిస్కు సమస్యలు ఈ జాతిలో బాగా ఎక్కువ. ఏ-ఫ్రేమ్ దిగడం, పదే పదే దూకడం, వీవ్స్‌లో మెలికలు తిరగడం, ఇవన్నీ వీపు మీదే పడతాయి. మీ డాక్టరు ఒప్పుకుంటేనే చెయ్యండి, ఒప్పుకున్నా సరే ప్రాక్టీసులో బార్‌ని నేల మీద పెట్టి చేయించండి, టన్నెల్స్ ఎక్కువ పెట్టండి. పొట్టి కాళ్ల కుక్కలు టన్నెల్లో పెద్దవాటికంటే చకచకా దూరిపోతాయి, పెద్దవి వంగాలి, మీది వంగక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, అందరూ కుక్క స్లో అంటారు, మా ఇంట్లో నేను స్లో. మోకాళ్ల నొప్పులు, నా కుక్క ముందుకెళ్లి నా కోసం ఆగి వెనక్కి చూస్తుంది. నన్ను రిప్లేస్ చెయ్యలేం కదా?

జవాబు: మిమ్మల్ని మార్చక్కర్లేదు, మీరు నిలబడే చోటు మార్చాలి. కుక్కని దూరం నుంచి పంపడం నేర్పించండి, మొదట ఒక్క జంప్‌కి రెండడుగుల దూరం నుంచి, వారానికి ఇంకాస్త పెంచుతూ. ఆబ్‌స్టకల్స్ పేర్లు మాటతో నేర్పండి, టన్నెల్ అంటే టన్నెల్‌కి, వీవ్ అంటే వీవ్‌కి పోవాలి, మీ చెయ్యి చూడాల్సిన పని లేకుండా. స్టే గట్టిగా ఉంటే మొదటి మూడు జంపుల అవతలికి నడిచి వెళ్లి నిలబడండి, అక్కడే మీకు సగం కోర్సు కలిసొస్తుంది. నాడాక్ అనే సంస్థ పోటీల్లో దూరం నుంచి ఆడించడానికే ప్రత్యేకంగా విలువ ఎక్కువ, కోర్సులు కూడా ధారగా, పెద్ద పెద్ద వంపులతో ఉంటాయి, అలాంటివి మీకు నప్పుతాయి. మెలికలు ఎక్కువుండే కోర్సుల్లో మాత్రం మీరు కష్టపడతారు, దాచడం ఎందుకు.

ప్రశ్న: జేబులో ట్రీట్స్ పెట్టుకుని రింగులోకి వెళ్తే తప్పా? వాసన తగిల్తే మా వాడు కాస్త చురుగ్గా ఉంటాడు.

జవాబు: తప్పే, చాలా సంస్థల్లో మామూలు పోటీ రన్నులో తిండి, బొమ్మ ఏదీ లోపలికి తీసుకెళ్లకూడదు, జేబులో ఉన్నా సరే, దొరికితే ఎలిమినేట్ చేస్తారు. ప్యాంటు మార్చుకోవడం మర్చిపోయి జేబులో పాత ముక్క ఉండి, పరిగెడుతుంటే జారిపడి ఎలిమినేట్ అయిన మనిషిని నేను, అద్దంలో రోజూ చూస్తుంటా. ట్రీట్ డబ్బా ఎగ్జిట్ దగ్గర ఒకే చోట పెట్టండి, లోపలికి వెళ్లే ముందు కుక్కకి అది చూపించండి, చివరి జంప్ అవ్వగానే ఇద్దరూ పరిగెత్తుకుంటూ నేరుగా దాని దగ్గరికే పోండి, మధ్యలో ఆగి ఎవరితోనూ మాట్లాడకండి, టైమ్ ఎంతొచ్చిందని బోర్డు కూడా చూడకండి. ప్రాక్టీసులో కూడా ఇలాగే చెయ్యండి, డబ్బా బయట, కుక్క లోపల. వారంలో ఒకటి రెండు సార్లు ఒక్క జంప్ చేయించి డబ్బా దగ్గరికి పరిగెత్తండి, ఇంకోసారి ఐదు చేయించి పరిగెత్తండి, ఎప్పుడు అయిపోతుందో వాడికి తెలియకూడదు.